ఎన్నుపూస మెరిసింది

అవ్వకు క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడాలని కరీంనగర్ ఆస్పత్రిలో స్కానింగ్ తీశారు. యూనివర్సిటీ ల్యాబులో గామా కిరణాల మీద పరిశోధన చేసే బిడ్డ అప్పుడే బస్సు దిగి వచ్చింది. వరండాలో బాపు తల్లి స్కానింగ్ ఫిలిం ఆమె చేతిలో పెట్టాడు.

“అవ్వకు సూదిల ఏం ఎక్కించిండ్రు బిడ్డా?”

“ఒక మందు బాపు. దాని కేంద్రకాలు శక్తి ఎక్కువై కుదురుగ ఉండయి. కుదురుకునేటప్పుడు గామా కిరణాలు ఇడుస్తయి. కెమెరా గవే పడుతది. మా ల్యాబుల చూసేది సుత గసొంటియే.”

“ల్యాబుల గవి మంచిగ కనవడ్డనాడు మిఠాయి పంచుకున్నమంటివి గద.”

“అంటిని.”

“మరి గీడ జూడు. ఎన్నుపూస పొడుగూతా మెరుస్తుంది, తుంటి కాడ సుత. మందు మస్తు పట్టింది.”

ఆమె ఫిలిం వెలుతురుకు ఎత్తి చూసింది.

“పాస్టరయ్యకు ఫోన్ జేసిన. ఐతారం ఇంట్ల కృతజ్ఞత కూడిక పెడుదామన్న.”

“జర కూసో బాపు.”

“కూసుంట గని, గింత మెరుపు చాల్నా? ఇంకా రావాల్నా?”

“రోగం పాకిన కాడనే ఎక్కువ మెరుస్తది బాపు. మెరువకుంటెనే బాగుండు.”

ఆయన ఫిలిం తీసుకుని మెల్లగా కవర్లో పెట్టాడు.

“మీ అవ్వకు సుత మందు పట్టిందనే జెప్పిన బిడ్డా,” అన్నాడు. “నవ్వుకుంట పండుకున్నది.”