గోళ్ళరంగు వాసన

హలో… ఆ హాతెమ్, నేనేరా, అక్కని. నా ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు? చెప్పు, అమ్మ ఎలా ఉంది?…

మంచం మీదేనా. తుంటి నొప్పి తగ్గిందా?… సరే, నడిపించాలని చూడకు. డాక్టరు చెప్పేదాకా కాలు కింద పెట్టనివ్వకు.

ఎలా వస్తానురా? దీవికి ఓడలు ఆపేశారు. ఇక్కడ స్ఫాక్స్ రేవులో గాలికి మనుషులే నిలబడలేకపోతున్నారు. షాపులో కూర్చుని ఎవరిదో కీబోర్డు విప్పుతున్నా…

ఏది, నీ లాప్‌టాపా? ఏమైంది?…

లైటన్నా వెలుగుతోందా?… ఫ్యాను చప్పుడు?… అదీ లేదా.

అరవకు. అరిస్తే ఆన్ అవుతుందా? మా షాపుకొచ్చే ప్రతివాడూ ఇలాగే వస్తాడు, ఇంట్లో శవం లేచినట్టు. సగం మందికి పోయింది చార్జరే. నీది చార్జింగ్‌లోనే ఉందా?… రాత్రంతానా?

సరే. ముందు వైరు పీకు. పీకావా?… ఇప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టు. నేను చెప్పేదాకా వదలకు… ఆ… ఇంకా… ఇంకాసేపు… వదులు. ఇప్పుడు మామూలుగా ఒకసారి నొక్కు.

…ఏమీ లేదా.

ఇంత కంగారెందుకు? థీసిస్ ప్రొఫెసరుకి పంపేశానన్నావు కదా?…

రికార్డింగులా? అన్నీ అందులోనేనా? సముద్రంలో ఈతమట్టలతో కట్టే చేపల కంచెల గురించి ముసలాళ్ళు చెప్పినవన్నీ?… తాతవి కూడానా!

ఇంకో కాపీ తీసి పెట్టుకోమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను కదరా. "రేపు తీస్తానక్కా, రేపు తీస్తానక్కా…"

తెలుసు. వాళ్ళలో ఒక్కరూ మిగల్లేదని నాకు మాత్రం తెలీదా? తాత జనాజా రోజు నేనూ ఉన్నాను అక్కడ.

ఏడవకు. మెషిన్ చచ్చినా డిస్కు బతికే ఉంటుంది. ఓడ కదలగానే పట్రా, నేను తీసిస్తాను. అది నా పని, నీది కాదు.

ఇప్పుడొకటి చూడు. కీబోర్డు కింద వేలు ఆడించే పలక ఉందే, దాన్ని నొక్కు. టిక్కుమందా?… అనలేదా? రాయిలా ఉందా?

…హాతెమ్, దాన్ని బల్ల మీద పెట్టు. ఊగుతోందా?

ఎప్పట్నుంచి?…

పోయిన వారం నుంచీ మూత పడట్లేదా! నాకు చెప్పవేం?… ఏం చేశావూ?… కుస్‌కుస్ వండే కుండ నిండా నీళ్ళు పోసి దానిమీద పెట్టావా? అణగాలనా? చదువుకున్న గాడిదా!

సరే, తిట్టను. విను. లోపల బాటరీ ఉబ్బింది. ఉబ్బినదాన్ని నువ్వు తొక్కిపెట్టావు, పైగా రాత్రంతా కరెంటు ఎక్కించావు. ఇంక ముట్టుకోకు. వేడిగా ఉందా?… "కొంచెం" అంటే?

ఏ గదిలో ఉన్నావు?… అమ్మ మంచం పక్కన ఎందుకు పెట్టావురా దాన్ని!

…ఏమంటోంది అమ్మ? మళ్ళీ చెప్పు.

గోళ్ళరంగు ఎవరు వేసుకుంటున్నారని అడుగుతోందా.

…నీకు రావట్లేదా ఆ వాసన?… జలుబా. ఓరి నాయనా, నీకు జలుబు. బాటరీ లోపలి మందు కారుతోందిరా, దాని వాసనే అది.

హాతెమ్, నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. అమ్మని బయటికి తీసుకెళ్ళు. మాట్లాడకు, తీసుకెళ్ళు…

ఆ గరగరేమిటి? ఏం చేస్తున్నావు?… స్క్రూలు విప్పేశావా? ఎవడు చెప్పాడు నీకు!

వద్దు. ఆ మోడల్లో బాటరీ తియ్యకుండా డిస్కు రాదు. నీ చేతిలో ఉన్న ఆ ఇనప ముక్క దానికి గుచ్చుకుందంటే అయిపోయినట్టే. వద్దంటే వద్దు. "ఒక్క నిమిషం" లేదు, అర నిమిషం లేదు.

నాకూ తాతే కదరా! నాకు లేదా ఆ గొంతు మళ్ళీ వినాలని? కింద పెట్టు… పెట్టావా? అమ్మ మీద ఒట్టు?…

ఆగు. అదేంటి, ఆ బుస?… నీది కాదు, జలుబు కాదది, నాకు ఫోన్లో వినిపిస్తోంది. పొగ వస్తోందా?

వెళ్ళు! నీళ్ళు వద్దు, ఏమీ వద్దు, ముక్కుకి గుడ్డ కట్టుకుని అమ్మని దుప్పటితో సహా కిందికి దించి లాగు. అరిస్తే అరవనీ, తుంటి తర్వాత చూద్దాం. ఫోను కట్ చెయ్యకు, జేబులో వేసుకో. పక్కింటి మబ్రూకా పిన్నిని కేకెయ్యి. గట్టిగా!…

అమ్మా! అమ్మా, నేను దలీలాని! ఓర్చుకోమ్మా, వాడు లాగుతున్నాడు, ఓర్చుకో…

గడప దాటిందా?… హాతెమ్?… హాతెమ్, మాట్లాడవేం?

హలో. ఎవరు?… పిన్నీ! అమ్మ బయటికొచ్చిందా?… అల్‌హమ్‌దులిల్లా. అల్‌హమ్‌దులిల్లా. వాడికివ్వండి ఫోను.

లేడా? మీ చేతికిచ్చి ఎటు వెళ్ళాడు?

…లోపలికా.

ఎందుకు వెళ్ళనిచ్చారు పిన్నీ! సాలెం బాబాయ్ ఏడి? లాక్కురమ్మనండి వాణ్ణి! పీల్చొద్దు ఆ పొగ, అది వట్టి పొగ కాదు, విషం. తడిగుడ్డ కట్టుకోమనండి బాబాయ్‌ని… ఏం కనపడుతోంది?… తెల్లగానా? తలుపులోంచా?

హాతెమ్!… వినపడదని తెలుసు పిన్నీ, నోరు ఊరుకోవట్లేదు.

…ఏం పేలింది? పిన్నీ, ఏం పేలింది?

…

వచ్చాడా? నిజంగా? నిలబడ్డాడా?… ఆ లాప్‌టాప్‌ని గుండెకి హత్తుకుని వచ్చాడా, పిచ్చివాడు. పారెయ్యమనండి!… మండుతోందా ఇసకలో. మండనివ్వండి. ఎవర్నీ దగ్గరికి పోనివ్వకండి.

చేతులు?… తోలు ఊడిందా. ఆలివ్ నూనె రాయకండి పిన్నీ, ఏమీ రాయకండి. నీళ్ళు పోస్తూనే ఉండండి, చల్లటివి. ఫోను వాడి చెవి దగ్గర పెట్టండి.

హాతెమ్… నేనేరా. నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడతాను. పోతే పోయాయి. విన్నావా? గొంతులు పోతే పోయాయి, నువ్వున్నావు… ఊఁ, దగ్గు. దగ్గి ఉమ్మెయ్యి… ఇంకా వస్తోందా?… ఏం వస్తోంది?

పిన్నీ. వాడు ఉమ్మింది ఏ రంగులో ఉంది?

…గులాబీ రంగు నురగా. బాబాయ్‌ని వ్యాను తియ్యమనండి. ఇప్పుడే. ఆసుపత్రికి. కాదు, చేతులకి కాదు, ఊపిరికి. బాటరీ పొగ పీల్చాడని చెప్పండి, అక్కడ అదే మొదట చెప్పండి. కూర్చోబెట్టే తీసుకెళ్ళండి, పడుకోబెట్టకండి.

నేను రేవుకి పోతున్నా. ఓడ లేకపోతే ఏ చేపలవాడి కాళ్ళన్నా పట్టుకుంటాను. ఎవడో ఒకడు ఎక్కించుకుంటాడు… గాలి సంగతి నాకొదిలెయ్యండి.

ఎక్కించారా వ్యానులో?… మీరూ ఎక్కారా. అమ్మ దగ్గర ఇరుగుపొరుగు ఉన్నారా? మంచిది. ఫోను వాడి దగ్గరే పట్టుకోండి, నాకు ఆ దగ్గు వినపడుతూ ఉండాలి. వినపడితే చాలు… ఆ, వస్తోంది… వస్తోంది…

పిన్నీ, కిటికీ వేయండి, గాలి హోరు తప్ప ఏమీ వినపడట్లేదు…

వేశారా?

…మరి దగ్గేది?

పిన్నీ, వాడు దగ్గట్లేదేం?

మబ్రూకా పిన్నీ—