ప్రాసెసర్ లేకుండా నడిచిన కంప్యూటర్

“రెండు జీబీ మెమరీ ఉండాలని రాశారయ్యా వాళ్ళు. తక్కువలో తక్కువ రెండు! ఎవరికి కావాలి రెండు? చేతకానివాళ్ళకి కావాలి. నాకెందుకు?”

జిరాక్స్ షాపావిడ ఆటో దిగేసరికే బావగారి గొంతు రోడ్డు దాకా వినిపిస్తోంది. ఆయన ఆమె భర్తకి పెదనాన్న కొడుకు. పగలంతా పరుపుల షాపులో సేల్స్‌మన్. సాయంత్రమైతే టీ కొట్టు ముందు బల్ల మీద కంప్యూటర్ శాస్త్రవేత్త. వీధిలో అందరూ ఆయన్ని గిగాబైట్ గారు అంటారు. ఆయన అదేదో బిరుదనుకుని మురిసిపోతుంటారు.

ఆమె చంకలో కంప్యూటర్ డబ్బా ఉంది. షాపులో ఉన్నది అదొక్కటే. పాతది, ఆమె కూతురికంటే పెద్దది. నాలుగు రోజుల క్రితం బావగారు షాపుకి వచ్చి, అది మూలుగుతూ తెరుచుకోవడం చూసి, చూడరానిదేదో చూసినట్టు మొహం పెట్టారు. “ఇంకా ఈ సిస్టమ్ మీదే ఉన్నావా అమ్మాయ్? దీనికి అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్ళయింది. సగం సైట్లు తెరుచుకోవట్లేదంటే ఎలా తెరుచుకుంటాయి మరి? దీన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ సిస్టమ్ అని ఒకటుంది. ఊరికే ఇస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. నాకివ్వు, దీన్ని గుర్రంలా పరిగెత్తిస్తాను. రేపటికల్లా నీ బల్ల మీదుంటుంది,” అన్నారు. పెద్దాయన, పైగా బావగారు. కాదనలేక ఇచ్చేసింది.

ఆ రేపు ఇంకా రాలేదు. డబ్బాలో కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులున్నాయి, నెల పొడుగునా ఆమె కూర్చుని టైపు చేసినవి. ఇంకెక్కడా కాపీ లేదు. రిపోర్టులు ఇవ్వడానికి ఆఖరి రోజు రేపే. పొద్దున్నే పిల్లలంతా షట్టర్ ముందు నిలబడతారు. ఇంక ఆగలేక ఆమె బావగారింటికి వెళ్ళింది. తోడికోడలు మంచం కిందికి వంగి డబ్బా బయటికి లాగింది. “పట్టుకుపో తల్లీ. అడిగితే అయిపోయిందంటారు. ఏం అయిపోయిందో నాకు తెలీదు, ఆయనకి తెలిసినట్టూ లేదు. టీ కొట్టు దగ్గరుంటారు, నువ్వే అడుగు.”

అడుగుదామనే వచ్చింది. తీరా చూస్తే ఆయన నలుగురి మధ్యలో ఉన్నారు, వీపు ఇటు తిప్పి. వాళ్ళ ముందు బావగారిని నిలదీయడానికి నోరు రాలేదు. డబ్బాని బల్ల చివర నేల మీద పెట్టి, మాట ఆగాక అడుగుదాం అని నిలబడింది. ఆ మాట ఆగేది కాదని ఆమెకి తెలియంది కాదు.

“మొన్న ఒక డబ్బా వచ్చింది నా చేతికి. ఎవరిదని అడక్కండి, పెద్ద పెద్ద వాళ్ళ వ్యవహారం. మెమరీ ఎంతుంది? ఒక జీబీ. కావాల్సిందెంత? రెండు. ఇంకొకడైతే ఏం చేస్తాడు? పనికిరాదని తిప్పి పంపేస్తాడు. నేను కొత్త సిస్టమ్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టాను, బటన్ నొక్కాను, దాని పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడాను. ‘చూడు తల్లీ, ఉన్నదాంట్లో సర్దుకో’ అన్నాను. సర్దుకుంది.”

“చెబితే వింటుందా అండీ?” అన్నాడు సెలూన్ నడిపే అతను.

“నీ కత్తెర నీ మాట వినట్లేదూ? ఇదీ అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు డౌటొచ్చింది. ఒక జీబీలో ఇంత హాయిగా నడుస్తోందంటే లోపల ఇంకా ఖాళీ ఉన్నట్టే కదా? సగం పీకేశాను. ఐదొందల పన్నెండు ఎంబీ. నడిచింది. దాంట్లో సగం, రెండొందల యాభై ఆరు. నడవడమే కాదు, వేగం పెరిగింది! ఎందుకు పెరిగిందంటావ్?”

“లోడు తగ్గింది కదా,” అన్నాడు లారీ డ్రైవర్.

“అద్గదీ! ఇంజనీర్లకి తట్టనిది నీకు తట్టింది. నూట ఇరవై ఎనిమిది, అరవై నాలుగు, ముప్ఫై రెండు... సగంలో సగం పీకుతూ పోతున్నాను, అది పరిగెడుతూ పోతోంది. పదహారు దగ్గరికొచ్చేసరికి నేను మౌస్ ముట్టుకోకముందే తెర మీద బాణం గుర్తు కదిలిపోతోంది. నేనెక్కడ నొక్కాలనుకుంటున్నానో దానికి ముందే తెలిసిపోతోందయ్యా!”

టీ కొట్టాయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. గ్లాసు నిండి టీ బల్ల మీదికి పారుతున్నా చూసుకోలేదు.

“చివరికి మెమరీ మొత్తం ఊడదీసి కిటికీలో పెట్టాను. జీరో.”

“జీరోలో నడిచిందా?”

“మొహమాటానికి నడిచింది. నా ముందు ఆగిపోవడానికి దానికి మొహం చెల్లలేదు. నక్షత్రాల స్టిక్కర్లు అంటించి ఉన్నాయి దాని పక్కన, ఎవరో చిన్నపిల్ల పనిలా ఉంది. ఆ నక్షత్రాలు నిజంగా మెరిశాయంటే నువ్వు నమ్మాలి!”

జిరాక్స్ షాపావిడ కిందికి చూసింది. డబ్బా పక్కన నక్షత్రాలున్నాయి, ఆమె కూతురు ఒకటో తరగతిలో అంటించినవి. ఇప్పటిదాకా నవ్వాపుకుంటూ వింటున్న మనిషి డబ్బాని కాలితో తన వైపు లాక్కుంది. బావగారు చెప్పేవాటిలో కోత ఎంతో ఆమెకి తెలుసు. తెలియందల్లా, కోత తీసేస్తే మిగిలేది ఎంత అన్నదే.

“డిస్కులో పాతిక జీబీ ఖాళీ కావాలంటారు, ఆ డిస్కు సంగతి చెబితే మీరు రాత్రికి అన్నం తినలేరు. అది ఇంకోసారి చెబుతాను,” అని బావగారు చెయ్యి ఊపేశారు. “అసలు యుద్ధం ప్రాసెసర్ దగ్గర మొదలైంది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏమని? ఈ సిస్టమ్‌కి అరవై నాలుగు బిట్ల ప్రాసెసర్ కావాలి, మీ దగ్గరున్నది ముప్ఫై రెండు బిట్లది, దానికి సపోర్ట్ లేదు, పొండి, అని.”

“బిట్లంటే ఏంటి గురూగారూ?”

“నీ లారీలో ఒక ట్రిప్పుకి ముప్ఫై రెండు బస్తాలు పడతాయనుకో. గోడౌన్ వాడు అరవై నాలుగు బస్తాలు పట్టే లారీకైతేనే గేటు తీస్తానంటాడు. అదీ సంగతి.”

“అయితే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే.”

“నువ్వు తిప్పుకుంటావు. నేను తిప్పుకోను. ఆ సిస్టమ్ రాసేవాళ్ళు దేశదేశాల్లో ఉంటారు, వాళ్ళలో పెద్దాయనకి ఫోన్ కొట్టాను. ‘ఏమయ్యా, ముప్ఫై రెండు బిట్లవాళ్ళు మనుషులు కారా? నిన్నమొన్నటిదాకా వాళ్ళ మీదేగా బతికారు, ఇప్పుడు నడిరోడ్డు మీద వదిలేస్తారా?’ అని కడిగేశాను. అవతల ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి ఏడుపు వినిపించింది. ‘మాకు చేతకాక వదిలేశాం గురువుగారూ, మీరొచ్చి పక్కన నిలబడితే మళ్ళీ మొదలుపెడతాం’ అని ఒకటే ఏడుపు.”

“ఏ భాషలో ఏడ్చాడండీ?” టీ కొట్టాయన అడిగాడు.

“ఏడుపుకి భాషేంటయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాకు పరుపుల షాపు పనుంది, టైము లేదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళలేను. నేనే కూర్చుని ఆలోచించాను. ఇది ఏమంటోంది? ప్రాసెసర్‌కి సపోర్ట్ లేదంటోంది. అంటే పేచీ అంతా ఆ ప్రాసెసర్‌తోనే. మరి అదే లేకపోతే?”

డ్రైవర్ బీడీ వెలిగించబోయి అగ్గిపుల్ల చేతిలోనే ఆర్పేశాడు.

“పీకి పారేశాను!” అన్నారు బావగారు.

జిరాక్స్ షాపావిడ చప్పున డబ్బా ముందు కూర్చుంది. ప్రతి నెలా తను బిగించే పక్క రేకుకి ఇప్పుడు మరలు లేవు. వేలితో తోస్తే జరిగిపోయింది. లోపల ఫ్యాన్ తీగకి వేలాడుతోంది. దాని కింద ప్రాసెసర్ ఉండాల్సినచోట సన్నటి చిల్లులతో ఒక ఖాళీ గడి.

“ప్రాసెసర్ లేదు. చోటు ఖాళీ. బటన్ నొక్కాను,” బావగారు గొంతు తగ్గించారు.

“నొక్కితే?”

“వచ్చేసింది! ఎందుకు రాదు? అడ్డం చెప్పేవాడు లేడుగా! ఏం రంగులు, ఏం చప్పుళ్ళు! ప్రింటర్ తీగ తగిలించకుండానే ప్రింట్లు వచ్చి పడుతున్నాయి. ఇంతలో కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి, ఇది మాత్రం పోలేదు! దాని ఫ్యాన్ గాలికి అదే నడుస్తోందయ్యా! గోడ అవతల పక్కింటివాళ్ళ కంప్యూటర్, నేను ముట్టుకోనేలేదు, దాంట్లో కూడా సిస్టమ్ మారిపోయింది. ఎదురింటావిడ పరిగెత్తుకుంటూ వచ్చింది, ‘అన్నయ్యగారూ, మా మిక్సీ అప్‌డేట్ చేయమంటారా అని అడుగుతోంది, ఏం చెప్పమంటారు’ అని!”

డ్రైవర్ లేచి నిలబడిపోయాడు. సెలూన్ అతను రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “ఓరి దేవుడో!” అన్నాడు టీ కొట్టాయన.

అంతలో డబ్బా వచ్చి టీ గ్లాసుల మధ్య దబ్బుమని పడింది.

“బావగారూ.”

ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. “అమ్మాయ్! నువ్వా? ఎంతసేపైంది వచ్చి?”

“రెండు జీబీ దగ్గరే వచ్చాను,” అంది ఆమె. “ప్రాసెసర్ లేకుండా నడిచిందన్నారు కదా. ఇదిగో, ఇందులోనూ లేదు. ప్లగ్గు అక్కడుంది. నడపండి.”

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి లోపలికి చూశారు. డ్రైవర్ ఖాళీ గడి మీద వేలు పెట్టి, కాలినట్టు తీసేశాడు. టీ కొట్టాయన అయితే ఆలస్యం చేయకుండా ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. “ఖాళీ చేశానండీ గురూగారూ, పెట్టండి! మా జన్మలో ఇలాంటిది చూస్తామా!” ఆయన మొహంలో వెక్కిరింత లేదు. నిజంగానే నమ్మి ఎదురుచూస్తున్నాడు.

బావగారు ప్లగ్గు వైపు చూశారు, డబ్బా వైపు చూశారు. “ఇక్కడ... కరెంటు సరిపోదేమో.”

“పోయినా నడిచిందన్నారు కదండీ,” అన్నాడు సెలూన్ అతను.

బావగారి చెయ్యి మెల్లగా చొక్కా జేబులోకి వెళ్ళి ఒక చేతిరుమాలుతో బయటికొచ్చింది. మడతలు విప్పితే ప్రాసెసర్. ఒక మూల సన్నటి కాళ్ళు పక్కకి వంగిపోయి ఉన్నాయి.

“దాని మీద నంబరు చదువుదామని తీశానమ్మాయ్,” అన్నారు. “తీస్తుంటే జారింది.”

“నాలుగు రోజుల నుంచీ జేబులో పెట్టుకు తిరుగుతున్నారా?” అంది ఆమె. “డిస్కు? డిస్కు చెరిపేశారా? పిల్లల రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి బావగారూ. వాళ్ళు ఇవ్వాల్సింది రేపే. పరీక్షకి కూర్చోనివ్వరు వాళ్ళని!”

“లేదమ్మాయ్, డిస్కు దాకా వెళ్ళనేలేదు. ఒట్టు. మొదటి తెర దగ్గరే సపోర్ట్ లేదని ఆగిపోయింది.”

ఆ సాయంత్రం ఆయన చెప్పినవాటిలో ఎవరూ నోరెళ్ళబెట్టనిది అదొక్కటే. ఆమె మాత్రం హమ్మయ్య అనుకుంటూ బల్ల మీద కూలబడిపోయింది.

సెలూన్ అతను పక్కనే ఉన్న తన షాపులోకి వెళ్ళి చిన్న పట్టకారు తెచ్చాడు. ప్రాసెసర్‌ని వెలుగులోకి తిప్పి, ఊపిరి బిగబట్టి, వంగిన కాళ్ళని ఒక్కొక్కటే నిలబెట్టాడు. డ్రైవర్ అతని మోచేయి కదలకుండా పట్టుకున్నాడు. గురువుగారి మీద ఇంకా ఆశ చావని టీ కొట్టాయన, “అది లేకుండానే ఒకసారి నొక్కి చూస్తే పోలా?” అని రెండుసార్లు అడిగి తిట్లు తిన్నాడు. ఆమె మూల గుర్తు చూసి ప్రాసెసర్‌ని గడిలో పెట్టింది. అది దానంతటదే కూర్చుంది. ఫ్యాన్ బిగించింది. కిటికీలో ఉండాల్సిన మెమరీ కూడా దాని చోట్లోనే, దుమ్ముతో సహా, కదలకుండా ఉంది.

ప్లగ్గు పెట్టి బటన్ నొక్కింది. ఫ్యాన్ తిరిగింది. కాసేపు అంతే. అందరూ డబ్బా మీదికి వంగారు. అప్పుడు లోపలి నుంచి ఒకే ఒక్క బీప్, తర్వాత డిస్కు గరగరమనే పాత చప్పుడు. రోజూ షట్టర్ ఎత్తాక ఆమె వినేది అదే. కళ్ళు తుడుచుకుని, చప్పుడు ఆగకుండా వస్తోందని నమ్మకం కుదిరేదాకా చెవి దగ్గర పెట్టి వింది.

“పోనీలెండమ్మా, మీ పాతది మీకు దక్కింది,” అన్నాడు డ్రైవర్. “ఆ ఊరికే ఇచ్చే సిస్టమ్ ఇంక దీనికి రాదన్నమాట.”

“ఎందుకు రాదు?” అన్నారు బావగారు తల ఎత్తకుండానే. “ఇలాంటి ముప్ఫై రెండు బిట్ల వాటి కోసం ఇంకో రకం చేసేవాళ్ళున్నారు. చిన్నది. అర జీబీ మెమరీ చాలు. అది ఎక్కించిన పెన్‌డ్రైవ్ కూడా ఇంట్లో ఉంది.”

టీ కొట్టాయన కూడా పని ఆపేశాడు. నలుగురూ ఆయన మొహంలోకే చూస్తున్నారు.

“ఇంట్లోనే ఉందా?” అంది ఆమె.

“ఉంది.”

“ఇది పట్టుకెళ్ళిన రోజు కూడా ఉందా?”

“అప్పుడూ ఉంది.”

“మరి అదెందుకు పెట్టలేదు బావగారూ?”

ఇంత తేలిక విషయం నీకు తెలీదా అన్నట్టు ఆయన ఆమె వైపు చూశారు.

“అది పెడితే పనిచేసేస్తుంది కదమ్మాయ్. ఇంక చెప్పుకోడానికి ఏముంటుంది?”