పదకొండు గీతలు

ఫుకెట్ ఎయిర్‌పోర్టు పార్కింగులో సెలవుల రద్దీ. కోదాడలో కార్లు కిరాయికిచ్చే ఆయన, ఇక్కడ తనే ఒక కారు కిరాయికి తీసుకుంటున్నాడు. పక్కన భార్య.

"జర ఫోన్ పట్టుకో. టైర్ల కాడి నుంచి వీడియో తియ్యి."

"తీస్తున్న. ఎనక జనం లైన్ కట్టిన్రయ్యా, జల్ది కానియ్యి."

"కట్టనియ్యి. కారును ఇంత తళతళ కడిగిచ్చిన్రంటే ఏదో దాస్తున్నరు."

"దాయాలంటే కడగరు కదా. మనం దుమ్ము మీదనే ఇస్తం, గీతలు కనపడొద్దని."

"మెల్లగ మాట్లాడు."

"గీడ తెలుగు ఎవరికొస్తది?"

"ఇగో, డోర్ కింద ఇంకో గీత. ఇది తొమ్మిదోది. ఇప్పుడు పట్టుకోకపోతే, రేపు కారు అప్పజెప్పేటప్పుడు మనమే గీసినమంటరు."

"మొన్న మిర్యాలగూడ టీచరమ్మను మనం అన్నట్టు."

"ఆమె ముందే ఫోటోలు తీసుకోవాల్సింది."

"తీయబోతే నువ్వే ఆపినవ్ కదా. 'మా మీద నమ్మకం లేదా మేడం' అన్నవ్."

"ఇప్పుడు గదంతా ఎందుకు?"

"అగో, కౌంటర్ల ఆమె కాయితం తెచ్చింది. కారు బొమ్మ గీసి, పాత గీతలు ఏడేడ ఉన్నయో ఎర్ర పెన్నుతోని ఆమెనే గుర్తులు పెట్టింది."

"ఎన్ని పెట్టింది?"

"పదకొండు. నువ్వు రెండు ఇడిసిపెట్టినవ్."

"సరే, తే. సంతకం పెడ్త."

"సంతకం పైన నువ్వేం పని చేస్తవో కూడ రాయాలంట. ఏమని రాయాలె?"

"వ్యవసాయమని రాయి."