వొసేస్ అంటే ఎవరు?

నాంపులా ఊరి చివర, పెళ్లయిన ఆడవాళ్లకు ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో మాట్లాడే పోర్చుగీసు నేర్పే బడి. క్లాసుకు ఇంకా వేళ కాలేదు. పంతులమ్మ లౌరిందా బల్లలు సర్దుతుంటే, ఆమె దగ్గర చదువుకునే అతీజా భర్త, దర్జీ అమిసి, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అదే చెప్తున్నా టీచరమ్మా. రేపట్నుంచి అతీజా రాదు. అంతే."

"అంతే అంటే ఎలా అన్నా? కారణం ఉండాలి కదా."

"కారణమా? ఇంట్లో నన్ను తిండి తిననివ్వట్లేదు. అదే కారణం."

"వంట మానేసిందా?"

"వంట కాదు, నా ప్రాణం తోడేస్తోంది! ముద్ద నోట్లో పెట్టుకోబోతే 'ఈ మాటకి అర్థమేంటి?' మిషను తొక్కుతుంటే 'దాన్ని అలాగే ఎందుకంటారు, ఇలా ఎందుకనరు?' నేనేమన్నా బడిపంతుల్నా?"

"అడగమని నేనే చెప్పాను."

"చూశారా! మీరే!"

"నాలుగు ముక్కలు బట్టీ పట్టిస్తే నాలుగే వస్తాయన్నా. ఐదోది కావాలంటే మళ్లీ నా గుమ్మం తొక్కాలి. ఎన్నాళ్లు తొక్కుతారు? అందుకే, విన్న మాటని మీరే పట్టుకోండి, మీరే విప్పి చూసుకోండి అంటాను."

"విప్పి చూడ్డానికి అదేమన్నా కుట్టా? దణ్ణం పెడతా, ఓ పని చెయ్యండి. నమస్కారం, సంతకం, సంతలో ధర అడగడం. ఈ మూడూ నేర్పి పంపించెయ్యండి. మిగతాదానికి నేను లేనూ?"

"అన్ని చోట్లా మీరే మాట్లాడతారా?"

"పెళ్లయిన కాణ్ణించీ నేనేగా మాట్లాడింది! ఆఫీసులో నేనే, ఆసుపత్రిలో నేనే."

"రేపు మీరు లేనప్పుడు ఆసుపత్రికి వెళ్లాల్సొస్తే?"

"నేను లేకుండా ఎందుకెళ్తుంది? చెప్పండి, ఎందుకెళ్తుంది? ఏమన్నా అందా మీతో?"

"మాటవరసకన్నాను. అంత ఉలిక్కిపడతారేం?"

"ఎవరు ఉలిక్కిపడ్డారు? ఎండ. నడిచొచ్చాను."

"కూర్చోండి, మంచినీళ్లు..."

"నీళ్లొద్దు. సరే, రానివ్వండి. కానీ ఆ 'ఒకరూ ఇద్దరూ' పాఠముందే, అదొక్కటీ ఆపెయ్యండి."

"ఇందాక బడే మాన్పిస్తానన్నారు. ఇప్పుడు ఒక్క పాఠమేనా?"

"ఒక్కటే."

"అందులో ఏముందన్నా! మన మాటలో 'మీరు' అంటే పెద్దాయన ఒక్కడికీ అదే, పదిమందికీ అదే. వాళ్లకలా కాదు. వొసే అంటే ఒక్కరు, వొసేస్ అంటే ఇద్దరో ముగ్గురో. చివర 'స్' ఒక్కటే తేడా. చెవి పెట్టి వినండి, ఎక్కడ వినబడితే అక్కడ పట్టుకోండి, ఎవరితో అంటున్నారో చూడండి అన్నాను. ఒకామె బస్సులో పట్టుకొచ్చింది, ఒకామె చేపల సంతలో. అతీజా అయితే డాక్టరు నోట విన్నానంది."

"డాక్టరా? ఏం విందట?"

"వొసేస్ పరీక్ష చేయించుకోవాలి, వొసేస్ రావాలి, అని ఎప్పుడూ అంటాడట. ఎవరితో అంటాడని అడిగితే నవ్వి ఊరుకుంది."

"నవ్విందా?"

"ఆఁ. ఏమైందన్నా? కూర్చోండి, ముందు కూర్చోండి."

"ఏం లేదు."

"మీరు ఆసుపత్రికి వెళ్తున్నది పిల్లలు కలగట్లేదనేగా?"

"డాక్టర్లు వంద అంటారు టీచరమ్మా."

"ఆయన రమ్మన్నది ఇద్దర్నీనా?"

"వంద అంటారు..."

"ఇద్దర్నీనా?"

"ఇద్దర్నీ."

"మీరు ఆమెకేం చెప్పారు?"

"నీకు పరీక్ష చెయ్యాలంటున్నాడు అని."

"నీకు!"

"మా అమ్మ పక్కనే కూర్చుంది! అమ్మ ముందు ఏమని చెప్పను? మొదటిసారి నోరు జారింది. రెండోసారి దిద్దుకోడానికి నోరు రాలేదు. తర్వాత అదే అలవాటైపోయింది."

"మీ అమ్మ ఆ పిల్లకి చేదు వేళ్ల కషాయం తాగిస్తోందట, నిజమేనా?"

"రోజూ."

"మీరు చూస్తూ..."

"చూడను. మిషను దగ్గరికి పోతా."

"బాగుంది. బాగుందయ్యా!"

"అమ్మ నాకు ఇంకో సంబంధం కూడా వెతుకుతోంది. శుక్రవారం మాట్లాడ్డానికి వెళ్తుందట. ఆ వచ్చే పిల్లకీ కడుపు పండకపోతే..."

"ఆమెకీ కషాయం పోస్తారా?"

"అరవకండి, బయట ఆడవాళ్లొస్తున్నారు. అతీజాకి ఇంకా తెలీదు. తెలిస్తే ఇల్లు నిలబడదు. ఆ పాఠమొక్కటీ మరిపించండి, మీ కాళ్లు పట్టుకుంటా."

"నేర్పడమే నాకొచ్చు. మరిపించడం ఎవరికొచ్చు? ఇక్కడ నేర్చుకున్న చెవుల్ని ఇక్కడే వదిలేసి ఇంటికెళ్తారా ఏమన్నా?"

"పోనీ తప్పుగా చెప్పండి. వొసేస్ అన్నా ఒక్కరేనని చెప్పండి. మీ మాటైతే నమ్ముతుంది."

"నా నోటితోనా? ఇన్నాళ్లూ నేను చెప్పిందే నమ్మకండి, మీరే వినండి అని మొత్తుకుని, ఇప్పుడు..."

"టీచరమ్మకి అంత శ్రమ ఎందుకండీ?"

"అతీజా! ఎప్పుడొచ్చావమ్మా?"

"అందరితోపాటే, క్లాసు వేళకి."

"అతీజా, అది కాదు... నేను... ఆ మాటకి..."

"ఏ మాటకి? వొసేస్‌కా? దాని అర్థం పాఠం చెప్పిననాడే తెలిసిపోయింది నాకు. తిండి దగ్గరా మిషను దగ్గరా అన్నాళ్లు మిమ్మల్ని అడిగింది తెలీక కాదు. మీరు చెబుతారేమోనని."