ఎంత పోతే తట్టుకుంటావు

షేర్లలో పెట్టిన డబ్బు సగం పోయిన రోజు సాయంత్రం, నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదుట టీ కొట్టులో మేస్టారూ, ఆయన బావమరిదీ కూర్చున్నారు. మేస్టారి భార్య పోయి అప్పటికి రెండు నెలలు.

"అంతా ఒక్క షేర్లోనే పెట్టీసేవేటి బావా? ఇంతకి పడితే అమ్మీమని స్టాప్‌లాస్ కూడా పెట్టలేదేటి?"

"లేదు."

"లెక్కల మేస్టారివి! ఏ షేరుమీదైనా నూటికి రెండు రూపాయలకి మించి పోకూడదని నాకు నేర్పింది నువ్వే కదా."

"అది మీ అక్క గీసిన గీతరా. కొనేముందు వంటింటి గుమ్మంలో నిలబడి సెప్పీవోణ్ణి. 'ఎంతొస్తాదో నాకొద్దు, ఎంత పోతాదో సెప్పు' అనీది. ఎక్కువైతే పోపు మాడిపోతున్నా సూడకుండా తిట్టీది."

"మరి ఈసారి?"

"గుమ్మం దాకా వెళ్లేను. వెనక్కొచ్చి కొనీసేను."

"నాకు ఫోన్ సెయ్యొచ్చు కదా."

"నువ్వు లాభమెంతని అడుగుతావు."

బావమరిది నవ్వబోయి ఆగాడు.

"సరే, రేపు మళ్లీ కొంటానన్నావు. ఎంత పోతే తట్టుకుంటావు?"

"అదే తెలీడం లేదు. ఏ అంకె అనుకున్నా నష్టంలా కనపడ్డం లేదు."

"మిగిలింది సాహితి ఫీజుకి బావా. ఆ పిల్లకి కనపడతాది నష్టం. పోనీ, కొనేముందు కూతురికే సెప్పు, ఎంత పోతాదో."

"తల్లి పోయిన పిల్లకి, ఇంకా ఇంత పోతాదని ఎలా సెప్పనురా?"

రేపు కొనాల్సిన షేరు పేరు ఫోనులో ఎక్కించి ఉంది. ఎంత నష్టం దగ్గర ఆగాలో మేస్టారు ఇంకా తేల్చుకోలేదు.