ఆనంద బ్లూ కోసం నేపాల్ దాంక

“తాతా, అమ్మకు కన్ను ఆపరేషన్ చెయ్యాల్నన్నరు. మస్తు భయపడ్తాంది. నువ్వు నేపాల్ పోయి చేయించుకున్నవట గదా, ఎట్లుంటదో జర చెప్పవా?”

ఓ, గదా ముచ్చట! కూసో బిడ్డా, గీ బొంత మీద కూసో, మెత్తగుంటది. ఫోన్ల రికార్డు చేస్తానవా? చెయ్యి చెయ్యి, మీ అమ్మకు వినిపియ్యి. నవ్వి నవ్వి భయం మర్సిపోవాలె ఆమె. సరోజనా, రెండు చాయ్ పెట్టు, పక్కింటి లావణ్యొచ్చింది!

మన దుకాన్ నీకెర్కే గదా, వరంగల్ చౌరస్తల, మ్యాచింగ్ సెంటర్. చీర తెస్తె దానికి సరిపోయే జాకెట్ బట్ట, ఫాల్, లంగ బట్ట తీసిచ్చుడు, గంతే పని. నలభై ఏండ్ల సంది అదే. నేను మొదలువెట్టినప్పుడు టూ బై టూ రూబియా జాకెట్ బట్ట మీటరు ఏడు రూపాలు... ఏడు కాదు, ఆరు. మా నాయిన ఏడు చెప్పుమంటె నేను ఆరుకే ఇచ్చి తిట్లు తిన్న. సరే, అది ఇడువు. ఘన్‌పూర్ నుంచి రైలెక్కి, వర్ధన్నపేట నుంచి బస్సెక్కి, ఆడోళ్లు చీర కవర్ల పెట్టుకొని నా కాడికే వస్తుండిరి. చీర అంచు వేలి మీదేసుకొని ఒక్కసారి చూసేది, రాక్ దిక్కు తిరుగకుండనే చెయ్యి పెట్టి గుంజేది. అచ్చం అదే రంగు! నెమలికంఠం, రామా గ్రీన్, వంకాయ రంగు, ఆనంద బ్లూ, ఏదన్న గానీ. సేటు కండ్లే కండ్లు అనేటోళ్లు. అబ్బో, ఎంత గీర ఉండె నాకు!

అసొంటి కండ్లకు పొరొచ్చింది. వచ్చినట్టు నాకే తెల్వలే. అది ఒక్కనాడు రాదు బిడ్డా, చాయ్ మీద మీగడ లెక్క మెల్లగ కడ్తది. లోకమంత పసుపు నీళ్లల్ల ముంచినట్టయితది, కని మనకు గదే అసలు రంగనిపిస్తది. బల్బులు మంచియి పెడ్తలేడని కరెంటాయనను తిట్టిన. ఒకనాడు కంట్లె నలుసు పడ్డది. కుడి కన్ను మూసి బట్ట చూస్తె జర నీలంగున్నది. ఎడమ కన్ను మూసి చూస్తె గదే బట్ట పెండ లెక్కున్నది! ఇటు మూస్తాన, అటు మూస్తాన, ఇటు మూస్తాన... ముంగట నిలవడ్డామె, ముసలోడు కన్ను కొడ్తాండనుకున్నదేమో, మొఖం మాడ్చుకొని పోయింది. నవ్వకు, చాయ్ మీద పోసుకుంటవు!

ఇగ ఫికర్ వట్టుకున్నది. ఎదురుంగ అప్పుడే ఒకాయన ఏసీ పెట్టి మ్యాచింగ్ షాప్ తెరిచిండు. మ్యాచింగ్ సేటుకు రంగులు కనవడ్తలేవని బజార్ల తెలిస్తె నా పేరేంగావాలె? హన్మకొండల కండ్ల దవాఖానలు లేవా అంటె, ఉన్నయి, మంచియి ఉన్నయి. కని ఆడ చీటీ రాసే పిల్ల మన కష్టమరు, సుక్కలేసే నర్సమ్మ మన కష్టమరు. పొద్దున పోతె మాపటికి చౌరస్తంత తెలుస్తది.

మా బామ్మర్ది వీరేశం తీర్థయాత్రల బస్సు నడిపిస్తడు. వానికొక్కనికే చెప్పిన. వాడన్నడు గదా, “బావా, నేపాల్ బార్డర్ దాటంగనే పెద్ద కండ్ల దవాఖానున్నది. యూపీ, బీహారోళ్లు మందలు మందలు పోతరాడికి. పశుపతినాథుని దర్శనమని చెప్పుదాం, ఎవ్వల్లకు అనుమానం రాదు.” ఏం తెలివే వానిది! మీ సరోజనవ్వకు గూడ దర్శనమనే చెప్పిన. దుకాన్ నేను చూసుకుంట పో, మంచిగ పోయిరా అన్నది. సంచిల నల్ల అద్దాలు పెట్టింది. అద్దాలెందుకే అంటె, మంచు మీద ఎండ కొడ్తదట అన్నది. నిజమే గదా అనుకున్న.

విదేశం పోతానమని సఫారీ కుట్టిచ్చుకున్న. బట్ట నేనే ఏరి తీసిన, బూడిద రంగు, హుందగుంటదని. గోరఖ్‌పూర్ దాంక రైలు, ఆడికెల్లి బస్సు. బార్డర్ కాడ దిగి చూస్తె ఒక పెద్ద గేటు, దాని కిందికెల్లి రిక్షాలు పోతానయి, మేకలు పోతానయి, మేం గూడ నడుసుకుంట పోయినం. గిదేనారా ఫారిన్ అంటె, గిదే బావా అన్నడు. మనోళ్లకు పాస్‌పోర్టు గూడ అక్కెర్లేదు, ఓటరు కార్డు సాలు.

దవాఖానల ఏం చేస్తరో మీ అమ్మకు సక్కగ చెప్పు. ముందుగాల షుగర్, బీపీ చూస్తరు. ఏమేం గోలీలు ఏసుకుంటానవో అడుగుతరు, దాయొద్దు. కంట్లె సుక్కలేస్తె ఎలుగు సూడలేం, అంత తెల్లగయితది. మిషన్ కాడ గదుమ ఆనిచ్చి కన్ను కొల్త తీస్తరు. పొర తీసి లోపటేసే అద్దం దూరం కనవడేది గావాల్నా, దగ్గెరది గావాల్నా అని అడిగిండు డాక్టర్. రంగు కనవడేది ఏయుండ్రి సార్ అన్న. ఆయన నవ్వే నవ్వుడు!

నొప్పా? సూది పొడుస్తరేమోనని నేను దేవుళ్లందర్నీ పిలిచిన. నాకైతె ఉత్త సుక్కలే ఏసిండ్రు, మొద్దువారింది. మొఖం మీద బట్ట కప్పుతరు, కన్ను కాడ బొక్క ఉంటది. గా బట్ట ఏం రంగు సార్ అని అడిగిన. చుప్, హిలో మత్ బాబా అని, కదలొద్దన్నడు. మెలుకువతోనే ఉంటం బిడ్డా, కని కత్తీ గిత్తీ ఏం కనవడది. పైన దీపాలు కరిగి నీళ్లల్ల ఈదుతానట్టు, ఎర్రగ, నీలంగ... బాగుండె. చల్లటి నీళ్లు పోసినట్టయితది. దగ్గొస్తె ముందుగాల చెప్పాలె, ఊకె కదులొద్దు. నేనింక భయపడుడు మొదలే పెట్టలే, అయిపోయింది లే అన్నరు!

తెల్లారి వరుసగ కూసోపెట్టి పట్టీలు ఇప్పుతాన్రు. నా ముంగటికి నర్సమ్మొచ్చింది. పట్టి తీసింది. మొదలు మసక మసక. కన్ను కొట్టుకున్న. ఆ పిల్ల ఏసుకున్న స్వెట్టర్... బిడ్డా, ఏం చెప్పాలె! “ఆనంద బ్లూ!” అని గట్టిగ ఒర్లిన. దవాఖానంత ఉలిక్కిపడ్డది. ఊకుంటనా? బకీటు రామా గ్రీన్, పరదా గులాబి, బీహారు ముసలమ్మ చీర వంకాయ రంగు, ఒక్కొక్కటి ఏలు చూపెట్టుకుంట ఒర్లుతాన. పట్టీలున్న ముసలోళ్లందరు పడి పడి నవ్విండ్రు, ఏం ఒర్లుతానో వాళ్లకేం తెల్సు. కండ్లల్ల నీళ్లొచ్చినయి నాకు. నర్సమ్మ ఏడ్వద్దు, కన్ను తడి చెయ్యొద్దు అని కొంగు... కొంగు కాదు, దూది ఒత్తింది.

అప్పుడు నా దిక్కు నేను చూసుకున్న. సఫారీ! బూడిద రంగు కాదు బిడ్డా, వంకాయ పువ్వు రంగు! అంగి, ప్యాంటు రెండు! గది ఏసుకొని దేశాలు దాటిన! “అరే వీరేశం, చెప్పొద్దార?” అంటె, “మ్యాచింగ్ సేటువి నువ్వే ఏరి తీసినంక నేనేమంట బావా? మా అక్క గూడ ఏమనలే” అన్నడు. అప్పుడు జర అనుమానమొచ్చింది.

వారం ఆడనే ఉన్నం. మీ అమ్మ గూడ దూరం పోయి చేయించుకుంటె వెంబడే తిరుగు రైలెక్కొద్దు, మల్ల చూపెట్టుకోవాలె. సుక్కలు టైముకు ఏసుకోవాలె, కన్ను రుద్దొద్దు, తలకు పోసుకోవద్దు, బరువులెత్తొద్దు. ఎర్రగై గుంజినా, చూపు మసకైనా వెంటనే ఉరుకాలె డాక్టర్ కాడికి. లోపటేసిన అద్దం నంబరున్న కాయితం పైలంగ పెట్టుకోవాలె. దర్శనమా? యాడి దర్శనం! గోరఖ్‌పూర్ స్టేషన్ల రుద్రాక్షలు కొన్నడు వీరేశం, ప్రసాదమని అవే పంచినం. శివయ్య నవ్వుకున్నడో, కోపం చేసిండో.

ఇగ అసలు ముచ్చట ఇను. ఇంటికొచ్చినంక దుకాన్ల కూసున్న. వర్ధన్నపేట ఎల్లమ్మక్క వచ్చింది, ముప్పై ఏండ్ల సంది మన కష్టమరు. చీర ఆనంద బ్లూ. చెయ్యి పెట్టిన, గుంజిన, కోసిన, కవర్లేసిచ్చిన. భలే తీసినవు సేటూ అన్నది. అని, బయటికి పోలే! సీదా గల్లా కాడ కూసున్న సరోజన కాడికి పోయి కవర్ ముంగట పెట్టి నిలవడ్డది. సరోజన బట్ట తీసింది. దర్వాజ కాడ ఎండకు పోయి చీర మీద పెట్టి చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. మల్ల గదే బట్టను గదే కవర్ల పెట్టి ఇచ్చింది. ఎల్లమ్మక్క నోరెల్లవెట్టి, “మార్సవా సరోజనా?” అన్నది.

నాకప్పుడు తెల్సింది. రెండేండ్లు బిడ్డా! నేను తప్పు కోసుడు, ఆమె నా ముంగటనే, నాకు కనవడకుంట మార్సిచ్చుడు. ఆడోళ్లందరికెర్కే. నా ముంగట భలే అనుడు, ఆమె కాడ మార్సుకొనుడు. టైలర్‌కు ఎర్క. ఎదురుంగ ఏసీ దుకానాయనకు గూడ ఎర్కేనట! గా నల్ల అద్దాలు గూడ మంచుకు కాదు, ఆపరేషన్ కన్నుకే పెట్టిందట! ఎర్క లేంది నాకొక్కనికే.

“చెప్పొద్దానే?” అన్న. “ఎన్నిసార్లు నోటి దాంక వచ్చిందో. నీ మొఖం చిన్నగైతె నేను చూడలేను” అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు నిండినయి. సక్కగ కనవడ్డయి నాకు.

ఎడమ కన్ను హన్మకొండలనే చేయించుకున్న. సరోజన చెయ్యి పట్టుకొని, చౌరస్తంతా చెప్పుకుంట పోయిన.

గా తప్పు కోసిన ముక్కలేమైనయంటవా? లేచి చూడు, నువ్వు కూసున్న బొంత. అన్ని నా తప్పులే, ఒక్కొక్కటి కుట్టిపెట్టింది మీ అవ్వ. చలికాలం అదే కప్పుకుంటం ఇద్దరం.

పో బిడ్డా, మీ అమ్మకు చెప్పు, ఏం గాదు. పట్టి తీసినంక మొదలు నీ మొఖమే చూడాలె ఆమె, ముంగటనే నిలవడు. సల్లగుండుండ్రి తల్లీబిడ్డలు. ఆగాగు... గా చున్నీ యాడ కొన్నవు? ఎదురుంగ ఏసీ దుకాన్లనా? డ్రెస్సుకు మ్యాచే కాలే గదనే! సరోజనా, జర ఇటొచ్చి చూడు...