కుడి చెవి

ఎవరడిగారు తమ్ముడూ దీన్ని? అప్‌డేట్ అట, అప్‌డేట్. సోమవారం పొద్దున నేను వచ్చేసరికి అదే పెట్టేసుకుని, అదే ఆగి, అదే లేచి కూర్చుంది. తెర మీద రంగులు మారాయి, బొమ్మలు మారాయి. సరేలే, కొత్త ముచ్చట అనుకున్నాను. సౌండు మింగేసిందని ఎవరొచ్చి చెప్పారు నాకు?

అదీ సగం సౌండు. మొత్తం పోయుంటే ఆ రోజే నీకు ఫోన్ చేసేదాన్ని కదా. చెవుల పరీక్ష చేసే గది ఇది. ఈ కంప్యూటర్ కూత పెడితేనే నాకు పని. ఎడమ చెవికి శుభ్రంగా కూస్తోంది, కుడి వైపు ఉలుకూ పలుకూ లేదు.

వైర్లన్నీ చూశానయ్యా, మళ్ళీ బల్ల కిందికి దూరకు. ఇందాక నేనే పీకి, తుడిచి పెట్టాను. వాల్యూమ్ నూరు మీదే ఉంది. రెండుసార్లు ఆపి వేశాను. పాత హెడ్‌ఫోన్లు వెతికి తెచ్చి తగిలించాను. అదే వరస. ఇంక నా వల్ల కాక నిన్ను పిలిచాను.

ఎలా తెలిసిందా? నాకేం తెలియలేదు. ఇందాక ఒకావిడ వచ్చింది, రోజంతా ఫోన్లు ఎత్తే ఉద్యోగం. అద్దం అవతల ఆ చిన్న గదిలో కూర్చోబెట్టి, వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమన్నాను. ఎడమకి టకటకా ఎత్తింది. కుడికి ఎత్తదు. ‘ఈ చెవితోనే కదా నేను ఫోన్లు వినేది, దీనికేం రోగం’ అని హెడ్‌ఫోన్లు తీసి, అటుది ఇటు తిప్పి పెట్టుకుంది. అంతే, కుడి చెవికి వినిపించింది. ‘జబ్బు నాకు కాదండీ, మీ మిషన్‌కి’ అని బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు, తమ్ముడూ. తొమ్మిది మంది. తొమ్మిది మందికీ కుడి చెవి పనికిరాదని రాసిచ్చాను.

అందులో ఒకాయన బస్సు నడుపుతాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. మంగళవారం వచ్చాడు. కుడికి ఏమీ వినిపించక, అద్దంలోంచి మౌస్ నొక్కే నా వేలు చూసి చెయ్యెత్తడం మొదలుపెట్టాడు పాపం. నాకు అర్థమైపోయింది. ఏం చేశాననుకున్నావు? కనపడకుండా కుర్చీ అటు తిప్పుకున్నాను. ‘ఇంకోసారి పెట్టి చూడండమ్మా’ అన్నాడు. మిషన్ అబద్ధం చెప్పదండీ అన్నాను. ఆ సాయంత్రమే ఆయన్ని బస్సు దించేశారట.

ఏంటీ, దొరికిందా? ఏదీ. ఎడమ నూరు, కుడి సున్నా. ఇంతేనా? ఈ గీత మీద ఈ చుక్కని ఇటు జరపడమేనా?

ఇటివ్వు, నేను పెట్టుకుని చూస్తాను. ఆఁ... వినిపిస్తోంది. రెండు వైపులా వినిపిస్తోంది.

నవ్వుతున్నానని అలా చూడకు. నాకేం తెలియలేదని నీతో ఇందాక అబద్ధం చెప్పాను. రోజూ పొద్దున్నే మొదటి పరీక్ష నాకు నేనే చేసుకోవాలి, అది మా పద్ధతి. నాకు రెండు వైపులా వినిపించాకే బయట కూర్చున్నవాళ్ళని పిలవాలి. సోమవారం చేసుకున్నాను. కుడికి వినిపించలేదు. మిషన్ అనుకోలేదు తమ్ముడూ, నా చెవే అనుకున్నాను. మా అమ్మకి యాభయ్యో ఏట చెవులు పోయాయి. నాకిప్పుడు నలభై తొమ్మిది. చెవిటిదాన్ని ఈ కుర్చీలో ఎవరుంచుతారు? ఇందాకటి ఫోన్లావిడలా హెడ్‌ఫోన్లు తిప్పి పెట్టుకుంటే అర నిమిషంలో తేలిపోయేది. తేలిపోతుందనే తిప్పలేదు. పుస్తకంలో ‘బాగుంది’ అని టిక్కు పెట్టి మొదటి మనిషిని పిలిచాను.

వరసగా అందరికీ కుడే పోతుంటే అనుమానం రాలేదా అంటావా? వచ్చింది. బుధవారానికే వచ్చింది. నోరు విప్పితే ముందు నా చెవి సంగతే అడుగుతారని ఊరుకున్నాను. ఇప్పుడు వినిపించగానే కూడా ఆ బస్సాయన గుర్తు రాలేదు నాకు. నా చెవి బాగుందని సంతోషపడ్డాను. ఆ నవ్వు అందుకే.

ఏంటది, నీ కాగితమా? ఎప్పటి నుంచి చెడిపోయిందో రాయాలా? ఇవాళ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు కదూ. ఆ తొమ్మిది మంది అలాగే ఉంటారు, నా ఉద్యోగం నాకుంటుంది.

వద్దులే. సోమవారం పొద్దున తొమ్మిదింటి నుంచి అని రాయి. పరీక్ష చేసే ఈవిడకి, అంటే నాకు, అప్పుడే తెలుసని కూడా రాయి. దానికి గడి లేదా? పక్కన ఖాళీలో రాయి, సంతకం నేను పెడతాను.